చిన్న పడవ, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి సముద్రం



మరోదాలో నిలబడి సముద్రం గురించి మాట్లాడటం కొందరికి వింతగా అనిపించవచ్చు. ఇక్కడి నుంచి విశాఖపట్నానికి పటం మీద తిన్నగా గీత గీస్తే నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. మనకు రోజూ కనిపించేవి దల్లీరాజహరా నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు బండ్లు, ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు, కర్మాగారం అవసరాలకు నీళ్లు నిలవచేసే మరోదా చెరువు. అయినా సముద్రంతో మనకు సంబంధం లేకపోలేదు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేకమైన ఉక్కును సెయిల్ సంస్థ సుమారు 30,000 టన్నుల మేర అందించింది. ఆ ఉక్కును తయారుచేసిన కర్మాగారాల్లో మన భిలాయీ ఒకటి. ఇక ఈ నేల మీద పడిన వాన శివనాథ్‌లో కలిసి, మహానదిలో చేరి, పారాదీప్ దగ్గర బంగాళాఖాతంలోకే పోతుంది. పైగా మన భిలాయీ తెలుగువారిలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చినవారే. వారిలో ఎందరికో సముద్రపు హోరు చిన్ననాటి జ్ఞాపకం.

ఈనాటి ప్రసంగ విషయం ఒక చిన్న ప్రయాణం. భార్యాభర్తలిద్దరు, ఇద్దరూ కొత్తవారే, ఒక చిన్న తెరచాప పడవలో మొట్టమొదటిసారి ఒక రాత్రంతా సముద్రం మీద గడిపి, తెల్లవారేసరికి మరో రేవు చేరాలనుకున్నారు. అందులో ఏముంది? ఏం తెలిసి ఉండాలి? ఎక్కడ ప్రాణం మీదికి వస్తుంది? ఆ ఇద్దరూ మీరే అనుకోండి. అప్పుడు ఈ విషయం సులభంగా అర్థమవుతుంది.

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. తెరచాప పడవలో సముద్రం మీదికి వెళ్లడం విదేశీయుల సరదా అని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పడం లేదు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు, ఓడలు కట్టిన ఊరు. అక్కడి తెరచాప ఓడలు బంగాళాఖాతం దాటి బర్మా వెళ్లి వచ్చేవి. అందుకే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, దానితో పాటు ఎగసిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. రాత్రిపూట చుక్కలను చూసి ఓడ నడపడం మన తీరానికి కొత్త విద్య కాదు. మధ్యలో మరిచిపోయిన విద్య, అంతే.

ఆ విద్యను మన కాలంలో మళ్లీ చేతబట్టిన వారిలో తెలుగు అమ్మాయిలు ఇద్దరున్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే 56 అడుగుల తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ మహిళలు భూమిని చుట్టిరావడానికి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. బృందంలో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. 254 రోజుల్లో సుమారు 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరారు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. తారిణి అన్న పేరు ఒడిశా గంజాం జిల్లాలోని తారా తారిణి అమ్మవారిది. ఆ తర్వాత అదే నౌకలో ఇద్దరే మహిళలు, దిల్నా, రూప అనే అధికారిణులు, 2024 అక్టోబరు 2న బయలుదేరి 2025 మే 29న తిరిగి వచ్చారు. అంటే దాదాపు ఎనిమిది నెలల పాటు ఒకరు మేలుకుంటే ఒకరు పడుకున్నారన్నమాట.

ఇక్కడ గమనించవలసింది వారి సాహసం ఒక్కటే కాదు, వారి వరస. ఆరుగురి బృందం భూప్రదక్షిణకు ముందు 2016లో 'మాదేయి' అనే నౌకలో గోవా నుంచి మారిషస్ వెళ్లివచ్చింది. అంతకుముందు చిన్న ప్రయాణాలు చేసింది. ఒంటరిగా తెరచాప మీద భూమిని చుట్టిన మొదటి భారతీయుడు దిలీప్ దోందే వారికి గురువు. ప్రదక్షిణ చివరి భాగంలో చుక్కాని యంత్రాంగంలో లోపం వస్తే, ముందు అనుకోని మారిషస్ రేవుకు మళ్లారు, బాగుచేసుకున్నారు, మళ్లీ బయలుదేరారు. ఎవరూ వారిని పిరికివారు అనలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర మళ్లీ దీని దగ్గరికే వద్దాం.

ఇప్పుడు మీ ప్రయాణం సంగతి. మీరు ముందుగా నేర్చుకోవలసింది చెరువు నీటి మీద. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు, పెద్దలు చిన్న పడవల మీద తెరచాప విద్య నేర్చుకుంటారు, జాతీయ పోటీలు కూడా అక్కడ జరుగుతాయి. పడవ తిప్పడం, గాలి ఎక్కువైనప్పుడు తెరచాపను కుదించడం, లంగరు వేయడం చేతికి అలవాటు కావాలి. తర్వాత తెలిసినవారితో కలిసి పగటిపూట సముద్రం మీదికి, ఆ తర్వాతే రాత్రి. మూడు మెట్లున్నాయి. ఒక మెట్టు ఎగిరి దాటితే కాలు విరుగుతుంది.

దారి ఒకటి అనుకుందాం. విశాఖపట్నం నుంచి కాకినాడ. సముద్రం మీద సుమారు 70 నాటికల్ మైళ్లు, అంటే 130 కిలోమీటర్లు. ముప్పై అడుగుల పడవ మంచి గాలిలో గంటకు నాలుగు నుంచి ఆరు నాటికల్ మైళ్లు నడుస్తుంది. నాలుగున్నర చొప్పున లెక్కవేస్తే పదిహేనున్నర గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు బయలుదేరితే ఉదయం ఏడుకు చేరతారు. ఈ లెక్కలో ఒక సూత్రం దాగి ఉంది. బయలుదేరడం వెలుగులో, చేరడం కూడా వెలుగులో. రాత్రి అంతా నడి సముద్రం మీద. కొత్తవారికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. చీకట్లో ఒడ్డు కనిపిస్తే ధైర్యం కదా అనుకుంటారు. నిజానికి పడవను పగలగొట్టేది నడి సముద్రం కాదు, ఒడ్డు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ చుట్టూ, కోరంగి మడ అడవుల వైపు ఇసుకమేటలున్నాయి, లోతు తక్కువ. బయట లంగరు వేసి నిలబడిన పెద్ద ఓడలుంటాయి. గాలి బాగా వీచి గంటకు ఆరు మైళ్లు నడిచారనుకోండి, తెల్లవారుజామున మూడు దాటగానే అక్కడ ఉంటారు. అప్పుడు సంతోషించి లోపలికి వెళ్లకూడదు. బయట లోతు నీళ్లలోనే తెరచాప తగ్గించుకుని, తెల్లవారే దాకా ఆగాలి.

ఏ కాలంలో వెళ్లాలి? బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేవి అక్టోబరు, నవంబరు, మళ్లీ మే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో అక్కడి మీ బంధువులను అడగండి, చెబుతారు. నైరుతి రుతుపవనాలప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. కొత్తవారికి జనవరి చివర, ఫిబ్రవరి మొదలు అనువైన కాలం. గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, మీరు వెళ్లేది నైరుతికి, కాబట్టి గాలి వెనుక నుంచి తోస్తుంది. అయినా అదే రోజు వాతావరణ శాఖ సూచన చూడాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సంస్థ సముద్రంలో అలల ఎత్తు, గాలి వేగం ముందుగా లెక్కకట్టి జాలరులకు, నావికులకు అందిస్తుంది. రెండు సూచనలూ పొసగకపోతే ఆ రోజు ప్రయాణం లేదు.

తిథి కూడా చూసుకోండి. ఇది ముహూర్తం కోసం కాదు, వెన్నెల కోసం. అమావాస్య రాత్రి సముద్రం మీద తెరచాప ఎక్కడుందో, అల ఎక్కడుందో తెలియదు. శుద్ధ త్రయోదశి నాడు పొద్దు కుంకేసరికే చంద్రుడు తూర్పున పైకి వచ్చి ఉంటాడు, తెల్లవారడానికి సుమారు రెండు గంటల ముందు పడమట అస్తమిస్తాడు. రాత్రిలో ఎక్కువ భాగం వెలుగు ఉంటుంది. మాఘ శుద్ధ త్రయోదశి కొన్ని సంవత్సరాల్లో మనం చెప్పుకున్న కాలంలోనే వస్తుంది. అయితే చంద్రుడు దిగిపోయాక మిగిలే ఆ కొద్దిసేపటి చీకటి, మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళ, రెండూ ఒకటేనని మరిచిపోకండి.

వెనుక నుంచి వచ్చే గాలి సుఖంగా ఉంటుంది, కానీ దానిలో ఒక మోసం ఉంది. తెరచాప అడుగున బూమ్ అనే అడ్డగడ ఉంటుంది. పడవ దారి కొంచెం తప్పి, గాలి తెరచాపకు అవతలి వైపు తగిలిందంటే, ఆ గడ ఒక్కసారిగా పడవ మీదుగా ఇటు నుంచి అటు కొడుతుంది. దాని దారిలో తల ఉంటే పగులుతుంది, లేదా మనిషి నీళ్లలో పడతాడు. అందుకే రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. గాలిని సరిగ్గా వీపు మీద పెట్టుకోకుండా కొంచెం పక్కగా ఉంచుకోవాలి. బూమ్‌ను ఒక తాడుతో ముందువైపు లాగి కట్టాలి, అప్పుడది ఊగదు. ఇక పొద్దు కుంకక ముందే తెరచాపను ఒక మెట్టు కుదించండి. వేగం కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. అర్ధరాత్రి గాలి పెరిగినప్పుడు నిద్ర కళ్లతో చీకట్లో చేసే పనిని సాయంత్రమే వెలుగులో చేసి పెట్టుకున్నారన్నమాట.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. పడవ మునగడం కాదు. ఇద్దరిలో ఒకరు నీళ్లలో పడటం.

ఒక్కసారి లెక్క చూడండి. పడవ గంటకు ఐదు నాటికల్ మైళ్లు నడుస్తుంటే నిమిషానికి సుమారు 150 మీటర్లు పోతుంది. లోపల పడుకున్న మనిషి కేక విని, లేచి, బయటికి వచ్చి, ఏం జరిగిందో తెలుసుకునేసరికి రెండు నిమిషాలు పట్టిందనుకోండి, 300 మీటర్లు. రాత్రి నీళ్ల మీద కనిపించేది తల ఒక్కటే, ఒక కొబ్బరికాయంత. అలల మధ్య 300 మీటర్ల దూరంలో కొబ్బరికాయ కనిపించదు. పెద్ద ఓడలో ఒకరు పడితే చూడటానికి, తిప్పడానికి, దీపం వేయడానికి పదిమంది ఉంటారు. మీ పడవలో మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరూ తెరచాప దించాలి, పడవ తిప్పాలి, వెతకాలి, దొరికితే తడిసిన నిండు మనిషిని పైకి లాగాలి. ఎవరికీ వారు ఇంత పని చేయగలరన్న నమ్మకం ఉండకూడదు.

కాబట్టి నియమం ఒక్కటే, పడకూడదు. ఎత్తు మీద పనిచేసే కార్మికుడు సేఫ్టీ బెల్టు లేకుండా పైకి ఎక్కడని ఈ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. పడవలో కూడా అదే పద్ధతి. ఛాతీకి పట్టా, దానికి చిన్న తాడు, తాడు చివర కొక్కెం. పడవ ముందు నుంచి వెనుకకు ఒక గట్టి పట్టీ బిగించి ఉంచుతారు, కొక్కెం దానికి తగిలించాలి. చీకటి పడిన క్షణం నుంచి తెల్లవారే దాకా, లోపలి గదిలో నుంచి తల బయట పెట్టకముందే తగిలించాలి. మూత్రానికని పడవ అంచుకు వెళ్లి పడినవారి కథలు నావికుల్లో ఎన్నో ఉన్నాయి. కూర్చుని డబ్బాలో పోయడంలో సిగ్గు లేదు. రెండో నియమం, ఇద్దరూ మేలుకుని ఉంటే తప్ప ఎవరూ కూర్చునే చోటు దాటి ముందుకు వెళ్లకూడదు.

అయినా పడితే? అందుకు పగటిపూటే అభ్యాసం చేయండి. నిజంగానే ఒక కొబ్బరికాయను నీళ్లలో వేసి, ఒక్కరే పడవ తిప్పి దాన్ని తీసుకురండి. ఒకసారి ఆయన, ఒకసారి ఆమె. చాలా జంటల్లో పడవ నడపడం భర్తకు వస్తుంది, భార్యకు 'అక్కర్లేదులే' అనుకుంటారు. పడేది ఆయనే అయితే? ఆ రోజు ఆయన ప్రాణం ఆమె చేతి విద్యలో ఉంటుంది. కాబట్టి ఇద్దరికీ అన్నీ రావాలి. ఇంజను వేయడం, తెరచాప దించడం, రేడియోలో మాట్లాడటం, పైకి లాగడానికి చక్రాల తాడు వాడటం, అన్నీ.

రెండో ప్రమాదం ఓడలు. మన తూర్పు తీరం ఖాళీగా ఉండదు. విశాఖ, గంగవరం, కాకినాడ రేవులకు పెద్ద ఓడలు వస్తూ పోతూ ఉంటాయి. పెద్ద ఓడ స్తంభం మీది తెల్ల దీపం కనీసం ఆరు నాటికల్ మైళ్ల దూరం కనిపించాలని అంతర్జాతీయ నియమం. ఆ ఓడ గంటకు 15 మైళ్లు, మీరు ఐదు మైళ్లు, ఎదురెదురుగా వస్తే కలిపి 20. ఆరు మైళ్ల దూరం తరగడానికి 18 నిమిషాలు. అంటే మీరు ఒకసారి చుట్టూ చూసి, టీ పెట్టుకుని, తాగి, మళ్లీ చూసేసరికి అది మీ మీద ఉండవచ్చు. అందుకే కావలి మనిషి పది నిమిషాలకు ఒకసారి లేచి, నాలుగు దిక్కులూ నిదానంగా చూడాలి. వెనుక వైపు మరిచిపోతారు, మరిచిపోకండి.

దీపాల భాష నేర్చుకోవడం కష్టం కాదు. ప్రతి ఓడకు ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు పచ్చ, వెనుక తెలుపు. మీకు ఎరుపు ఒక్కటే కనిపిస్తే దాని ఎడమ పక్క మీ వైపు ఉంది, అది మీ ఎడమకు పోతోంది. పచ్చ కనిపిస్తే కుడికి పోతోంది. ఎరుపు, పచ్చ రెండూ కనిపిస్తే సూటిగా మీ మీదికే వస్తోంది. ఎరుపు మీద, తెలుపు కింద ఉంటే వలలు వేసిన పడవ. పచ్చ మీద, తెలుపు కింద ఉంటే వల ఈడుస్తున్న ట్రాలరు. పూడిమడక, పెంటకోట, ఉప్పాడ జాలరుల చిన్న పడవలకు ఈ దీపాలన్నీ ఉండకపోవచ్చు, ఒక టార్చిలైటు మాత్రమే ఊపుతారు. అది పలకరింపు కాదు, 'మా వల ఉంది, పక్కకు పొండి' అని చెప్పడం. పక్కకు పోవాలి. అది వారి పొలం, మీరు దారినపోయేవారు.

ఓడ ఢీకొంటుందా లేదా అన్నది తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. పడవ అంచున ఉన్న ఒక కమ్మీతో ఆ దీపాన్ని గురిపెట్టి చూడండి. ఐదు నిమిషాల తర్వాత, మీ దారి మారకుండా, అదే చోట కూర్చుని మళ్లీ చూడండి. దీపం కమ్మీ దాటి ముందుకో వెనుకకో జరిగితే భయం లేదు. అక్కడే ఉండి, పెద్దదవుతుంటే ఢీకొనే దారిలో ఉన్నారు. అప్పుడు వెంటనే, అవతలివారికి తెలిసేటంత ఎక్కువగా, దారి మార్చండి. తెరచాప పడవకు ఇంజను ఓడ దారి ఇవ్వాలన్నది నియమాల పుస్తకంలో ఉంది. కానీ అది ఇస్తుందిలే అని చీకట్లో కూర్చోవడం తెలివి కాదు. నేడు ఏఐఎస్ అనే పరికరం పెద్ద ఓడల పేరు, వేగం, దిశ తెర మీద చూపిస్తుంది, మీ పడవనూ వారికి చూపిస్తుంది. ఉంటే మంచిదే. అది కన్నుకు సాయం, కన్నుకు బదులు కాదు.

ఇక రాత్రిని పంచుకోవడం. దీన్ని మీకు నేర్పనక్కర లేదు, భిలాయీ అంతా షిఫ్టుల మీదే బతుకుతోంది. ఫర్నేసు ఆగదు కాబట్టి మనిషి మారతాడు. పడవ కూడా ఆగదు. పన్నెండున్నర గంటల చీకటిని మూడేసి గంటల చొప్పున పంచుకోండి. మొదటిసారి కాబట్టి రెండేసి గంటలైనా సరే. షిఫ్టు దిగే మనిషి లాగ్‌బుక్కులో ఏం రాస్తాడో మీరూ అదే రాయండి. సమయం, ఉన్న చోటు, దిక్సూచి చూపిన దిశ, గాలి, కనిపిస్తున్న ఓడలు. అప్పగించేటప్పుడు నోటితో కూడా చెప్పండి. దిగిన మనిషి నిద్ర రాకపోయినా పడుకోవాలి. తొలిసారి ఉత్సాహంలో ఇద్దరూ అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు, మూడు గంటలకు ఇద్దరూ ఒకేసారి కూలబడతారు. నైట్ షిఫ్టు చేసినవారికి ఆ వేళ ఎలా ఉంటుందో తెలుసు. కన్ను తెరిచే ఉంటుంది, చూపు ఉండదు. వాంతుల బాధ ఉన్నవారు మందు బయలుదేరకముందే వేసుకోవాలి, మొదలయ్యాక అది కడుపులో నిలవదు. పులిహోర, అరటిపండ్లు, నీళ్లు చేతికి అందే చోట ఉంచండి.

కావలిలో ఒంటరిగా ఉన్నప్పుడు చుక్కలు తోడు. మరోదాలో ధ్రువ నక్షత్రం ఉత్తరాన సుమారు 21 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే అది సుమారు పది డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్ల పైన. కాకినాడ దగ్గర 17 డిగ్రీలు, రెండు పిడికిళ్ల కన్నా తక్కువ. ధ్రువుడి ఎత్తే మీరున్న అక్షాంశం. నైరుతికి వెళ్తున్నప్పుడు అతడు మీ కుడి భుజం వెనుక ఉండాలి. ముందుకు వచ్చాడంటే మీరు దారి తప్పారు. ఈ రాత్రే డాబా ఎక్కి చూడండి, దీనికి సముద్రం అక్కర్లేదు.

ఇప్పుడు ఒక జంట కథ చెబుతాను. మారిస్, మారలిన్ బెయిలీ ఇంగ్లండుకు చెందిన భార్యాభర్తలు. ఇల్లు అమ్మి పడవ కొనుక్కుని 1972లో బయలుదేరారు. 1973 మార్చి 4న పసిఫిక్ సముద్రంలో, పనామా నుంచి గలాపగోస్ దీవుల వైపు వెళ్తుండగా, ఒక తిమింగలం ఢీకొని పడవకు చిల్లు పడింది. గంటలోపే మునిగిపోయింది. గాలి నింపిన రబ్బరు తెప్ప, చిన్న రబ్బరు పడవ మిగిలాయి. వారి వద్ద సందేశం పంపే రేడియో లేదు. కావాలనే పెట్టుకోలేదు. ఓడలు కొన్ని దూరంగా పోయాయి, వీరిని చూడలేదు. పిన్నీసులను వంచి గాలాలు చేసి చేపలు పట్టారు, వాన నీరు పట్టుకున్నారు. దాదాపు నాలుగు నెలల తర్వాత, జూన్ 30న, ఒక కొరియా చేపల ఓడ వారిని రక్షించింది. ఆయన నిరాశలో మునిగినప్పుడు ఆమె తిండి లెక్క చూసింది, కాగితంతో పేకముక్కలు చేసి ఆడించింది, ఒడ్డు చేరాక ఏం వండుకోవాలో జాబితా రాసింది. మారలిన్‌కు ఈత రాదు. అయినా ఇద్దరూ బతకడానికి ఆమె ధైర్యమే ముఖ్య కారణమైంది.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, సహాయం పిలిచే సాధనం లేకుండా వెళ్లకూడదు. వి.హెచ్.ఎఫ్. రేడియోలో 16వ చానలు ఆపద పిలుపులకు. భారత తీర రక్షక దళం ఫోను నంబరు 1554. ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే పరికరం పడవలో ఉండాలి. ఎప్పుడు బయలుదేరారు, ఎప్పటికి చేరాలి, చేరకపోతే ఎవరికి చెప్పాలి అన్నది ఒడ్డున ఒక నమ్మకమైన మనిషి దగ్గర కాగితం మీద ఉండాలి. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో ఒంటరిగా పోటీలో ఉన్న అభిలాష్ టామీ పడవ స్తంభం విరిగి, ఆయన నడుము దెబ్బతింది. సందేశం పంపగలిగారు కాబట్టి మూడు రోజుల్లో ఫ్రాన్సు ఓడ ఒకటి చేరుకుని కాపాడింది. 2023లో అదే పోటీలో ఆయన రెండో స్థానంలో నిలిచారు.

రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. పడవలో ఇద్దరు ఉన్నప్పుడు ఆ ఇద్దరి మధ్య మాట ఎలా సాగుతుందన్నదే అసలు చుక్కాని. మన తెలుగు ఇళ్లలో మొహమాటం అనే గుణం ఒకటి ఉంది. అవతలివారిని ఇబ్బంది పెట్టకూడదన్న మంచితనం. ఒడ్డున అది సంస్కారమే కావచ్చు, రాత్రి సముద్రం మీద మాత్రం ప్రాణాంతకం. ఆమె కావలిలో ఉంది. దూరంగా ఒక దీపం. ఎరుపో పచ్చో తేలడం లేదు. లోపల ఆయన ఇప్పుడే కన్ను మూశాడు. 'పాపం, పడుకోనీ' అనుకుంటుంది. పది నిమిషాలు పోతాయి. ఇది జరగకూడదు. "ఏమండీ, ఒకసారి పైకి రండి, ఆ దీపం నాకు అర్థం కావడం లేదు" అని లేపాలి. లేచిన మనిషి చూసి, అది చేపల పడవే అయినా, "ఈమాత్రానికి లేపావా" అనకూడదు. ఒక్కసారి అన్నాడంటే రెండోసారి ఆమె లేపదు. ఆ రెండోసారే నిజం ఓడ కావచ్చు. "లేపి మంచి పని చేశావు" అనాలి. ఇది ముందే, ఒడ్డున, పగలు, ఒప్పందం చేసుకోవాలి. ఆమె లేపినా ఆయన లేపినా ఇదే మాట.

మరో ఒప్పందం వెనుదిరగడం గురించి. ఇద్దరిలో ఎవరైనా ఒకరు 'వెనక్కి పోదాం' అంటే పడవ వెనక్కి తిరగాలి. వాదన లేదు, ఎక్కువ భయపడినవారి మాటే చెల్లుతుంది. కారణం చెప్పనక్కర లేదు, ఎగతాళి ఉండకూడదు, తర్వాత బంధువుల ముందు ఆ ప్రస్తావన తేకూడదు. ఈ ఒప్పందం ఉన్న జంటే దూరం పోగలదు. ఎందుకంటే వెనక్కి రాగలమని తెలిసినవారికే ముందుకు వెళ్లే నిబ్బరం ఉంటుంది. ప్రపంచం చుట్టిన తారిణి బృందం మారిషస్‌లో ఆగింది. మీరు విశాఖ రేవు దాటి పది మైళ్లు పోయి తిరిగి వస్తే తప్పేముంది? కాకినాడ ఎక్కడికీ పోదు. వచ్చే త్రయోదశి కూడా వస్తుంది.

అన్నీ సవ్యంగా జరిగితే తెల్లవారుజామున ఏం చూస్తారు? చంద్రుడు దిగిపోతాడు. చలి పెరుగుతుంది. తూర్పున ముందు బూడిద రంగు, తర్వాత లేత ఎరుపు. వాకలపూడి దీపస్తంభం వెలుగు పాలిపోతుంది. రాత్రంతా వినిపించిన నీటి చప్పుడు ఇప్పుడు కనిపిస్తుంది. రాత్రి కొండలంత అనిపించిన అలలు నడుములోతు కూడా లేవని తెలుస్తుంది. హోప్ ఐలాండ్ చెట్లు సన్నని గీతలా పైకి వస్తాయి. పడుకున్న మనిషిని ఆఖరిసారి లేపుతారు. ఈసారి భయంతో కాదు, చూపించడానికి.

మీలో చాలామంది ఎన్నడూ పడవ ఎక్కకపోవచ్చు. ఫరవాలేదు. ఈ ప్రసంగంలో చెప్పుకున్నవి సముద్రానికే పరిమితం కావు. వెలుగుండగానే చీకటి పని ముగించుకోవడం, తాడు తగిలించుకోకుండా బయటికి రాకపోవడం, అర్థం కాని దీపం కనిపిస్తే తోటి మనిషిని లేపడం, భయపడినవారి మాట వినడం. ఇల్లు కూడా ఇద్దరు నడిపే చిన్న పడవే. ఇంటికి వెళ్లాక ఆ మొదటి ఒప్పందం మాత్రం చేసుకోండి, అవసరమైతే లేపుతాను, నువ్వూ లేపు అని.